జంటలో రెండో తుపాకి

ఆ గుమాస్తాను చంపింది మీరే. మూడో అంతస్తులో చల్లటి గదుల్లో కూర్చుని "విదేశీ ముఠా పని" అని ఫైలు మూసేశారే, మీరే! ముఠా ట్రిగ్గర్ నొక్కింది, అంతే. అతను ఏ కారులో వచ్చి ఏ గేటు దగ్గర దిగుతాడో వాళ్లకు చెప్పిందెవరు? గోడలా?

ఆ డిపార్ట్‌మెంటులో పేర్లుండవు, వరసలుంటాయి. చీఫ్ పేరు మామయ్య. ఫీల్డులో తిరిగే ఏజెంటు బావ. ముఠాలో ఉంటూ కబుర్లు మోసుకొచ్చే డబుల్ ఏజెంటు మరదలు. నిజానికి ఎవరికెవరూ ఏమీ కారు. ఒకరు చస్తే ఇంకొకరు పూట భోజనం కూడా మానరు.

ముఠా ఆయుధాల వ్యాపారం గుట్టు విప్పుతానని వచ్చినవాడు ఆ గుమాస్తా. మొదటి గుండు భుజానికి తగిలింది. గార్డులు మీదపడి కప్పేలోపే రెండోది గొంతులో దిగింది. ఇప్పుడు అతని చెల్లెలు సాక్ష్యం చెబుతానంటోంది. కోర్టు మెట్ల మీద పత్రికలవాళ్లతో మాట్లాడి లోపలికి వెళుతుంది. ఆమెను ప్రాణాలతో లోపలికి చేర్చడం బావ డ్యూటీ.

బ్రీఫింగుకు వెళితే మామయ్య ఫైలు తెరవలేదు. బీరువా తెరిచాడు.

"చూడరా అల్లుడూ, డబుల్ రైఫిల్! డబుల్ అంటే అందరూ ఏనుగుల్ని పడగొట్టే లావు గొట్టం, పెద్ద బోరే అనుకుంటారు. అది గాడిద తన్ను. అసలు అందమంతా ఈ చిన్న బోరుదే. పట్టుకో."

బావ పట్టుకున్నాడు. పక్కపక్కనే రెండు సన్నటి గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. భుజంలో చంటిపిల్లలా ఒదిగిపోయింది. అబద్ధమెందుకు, దించబుద్ధి కాలేదు.

"గుండు గుండుకీ బోల్టు లాగే పనిలేదు, ఆ చప్పుడుండదు. వేలు జరిపితే చాలు, రెండో గుండు. విడదీస్తే చిన్న పెట్టెలో పడుతుంది. గొట్టాలు రెండూ అతికి, కాల్చి చూసి, ఊడదీసి, మళ్లీ అతికి కుదురుస్తారు. ఒకే రకం తూటాకి, ఒకే దూరానికి. రెండు గుండ్లూ ఒకే బొత్తాం మీద పడాల్సిందే."

"తూటా మారితే?"

"మందు తగ్గితే ఎడమది ఎడమకి, కుడిది కుడికి. మాటల్లేని మొగుడూ పెళ్లాల్లాగా!" మామయ్య పకపకా నవ్వాడు.

బావ నవ్వలేదు. గొట్టాల మీద బంగారంతో రెండు అంకె పొదిగి ఉంది. జంటగా చేసిన తుపాకులకే అలా అంకెలు వేస్తారు.

"ఒకటో నంబరు ఎక్కడుంది మామయ్యా?"

"ఎక్కడుంటే నీకెందుకురా?" బీరువా తలుపు ధడాలున మూసుకుంది.

మరదలు ఖరీదైన తుపాకుల షోరూములో సేల్స్ చూస్తుంది. నల్ల సిల్కు, ఎర్ర పెదాలు. ముఠా తూటాలు నింపుకునేది అక్కడే. బావ వెళ్లి ఆ రెండో అంకె సంగతి అడిగాడు.

"ఇంకా వెలగలేదా బావా? ఒకటోది మా షూటర్‌ది. రెండోది మీ మామయ్యకి నజరానా, గుమాస్తా దారి చెప్పినందుకు."

"ముందే చెప్పి ఏడవొచ్చుగా?"

"ఎవరితో ఏడవను? నా రిపోర్టులు చదివేది ఆయనేగా!"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బావ ఈశ్వరుణ్ణి కదిలించలేదు. జేబులోంచి రెండు లిప్‌స్టిక్ గొట్టాలు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఒక్కో దాంట్లో ఒక్కో తూటా.

"పైకి మీ షూటర్ తూటాల్లాగే ఉంటాయి. లోపల మందు తక్కువ. మార్చెయ్."

"తెలిస్తే నా తోలు ఒలుస్తారయ్యా."

"షాపు వెనక కారుంటుంది. సరిహద్దు దాటిస్తుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

కారు కావాలంటే మామయ్య సంతకం కావాలి. అడిగితే మొత్తం గుట్టు బయటపడుతుంది. ఒట్టు వేస్తున్నప్పుడే బావకు ఆ సంగతి తెలుసు.

కోర్టు మెట్ల మీద మైకుల గుత్తి. బావ చెల్లెల్ని రాతి స్తంభం పక్కన నిలబెట్టాడు. రెండో పక్క ఖాళీ.

"రండి మామయ్యా, ఫొటోలో మీరు లేకపోతే ఎలా?"

మామయ్య క్రాపు సర్దుకుని వచ్చి నిలబడ్డాడు. పక్కనే ఉన్నవాణ్ణి ఎవడు అనుమానిస్తాడు? పైగా ఆ తుపాకి బొత్తాం తప్పదు. ఆయన లెక్క అది. బావ లెక్కా దాదాపు అదే.

"భయంగా ఉందన్నా," అంది చెల్లెలు.

"చెప్పేదాకా కదలకు తల్లీ."

ఎదుటి భవనం కిటికీలో మెరుపు. స్తంభం పెచ్చు లేచి ఆమె చెంప చీరింది. దాని వెనకే రెండోది, మామయ్య తుంటి ఎముకలో. బావ పిల్లను కింద పడేసి మీద కప్పుకున్నాడు.

మైకుల కింద పడి మామయ్య పొలికేక పెట్టాడు. "అదెలా? రెండూ దానికే తగలాలి కదరా! ఆ తుపాకి తప్పదురా!"

మైకులన్నీ పనిచేస్తున్నాయి.

చెల్లెలు లేచి, చెంప నెత్తురు తుడుచుకుని మైకు అందుకుంది. "ఆయన వంతు ఆయన చెప్పేశాడు. నా వంతు లోపల చెబుతా."

రెండూ పేలాక డబుల్ రైఫిల్ చేతికర్రతో సమానం. ఎదుటి భవనం మెట్ల దగ్గర బావ కాపు పెట్టిన ట్రాఫిక్ కానిస్టేబుళ్లు షూటర్‌ను అదే తుపాకితో చితకబాదారు. తుపాకి విరిగింది.

షాపు వెనక మరదలు పెట్టె పట్టుకుని బావ చెప్పిన కారు కోసం చూస్తూనే ఉంది. ముఠా కారు వచ్చింది. శవాన్ని గుర్తుపట్టమంటే బావకు చెప్పులు మాత్రమే ఆనవాలు దొరికాయి. సంతకం పెట్టి టీ తాగాడు. అతణ్ణి అలా తయారుచేసింది కూడా మీరే.

ఇప్పుడు మళ్లీ ఫైలు మూస్తారు. విధినిర్వహణలో గాయపడ్డాడని మామయ్యకు పతకం ఇస్తారట. ఇవ్వండి, జైలు చొక్కా మీద బాగుంటుంది. కానీ ముందు మరదలి అసలు పేరు బయటపెట్టండి. మూడో అంతస్తులో బీరువాలన్నీ మా కళ్లముందు తెరవండి. ఇవాళే. తాళాలు పోయాయంటారా, గొడ్డళ్లు మేం తెస్తాం.