చుట్టా, రమ్మూ ఒకే పళ్లెంలో

మిన్నీ బేలో ఒక రిసార్టు బారులో మందు కలిపేది నేనే. ఆడదానివి, ఈ పనేమిటని అడిగేవాళ్లకి, పప్పులో ఉప్పు చూసే నాలుకే ఇదీ చూస్తుందని జవాబిస్తాను. ఈ సీజన్‌కి మా యజమాని గురునాథం గారికి కొత్త సరదా పుట్టింది. రమ్ కాక్‌టెయిల్‌కి జతగా సిగార్ ఇవ్వాలట. విదేశీ సిగార్ల ధర విని ఆయనే వెనక్కి తగ్గాడు. "మన శ్రీకాకుళం చుట్టలున్నాయిగా ప్రమోదా, దేనికేది కుదురుతుందో చూసి చెప్పు" అన్నాడు.

చుట్ట నాకు కొత్త కాదు. మా అత్త, అంటే మా ఆయన తల్లి తవిటమ్మ, మా వైపు పెద్దాడవాళ్లలాగే, అడ్డచుట్ట తాగేది. నిప్పున్న కొస నోట్లో, ఆరిన కొస బయట. చీకట్లో కూర్చుంటే పొగే తప్ప నిప్పు కనపడేది కాదు. పోయిన వానాకాలంలో చనిపోయింది. ఆమె చెప్పిన పద్ధతులు చాలానే మరిచిపోయాను. ఒక్కటి మరిచిపోకుండా ఉండాల్సింది.

ఆ సాయంత్రం మా ఇంటి వరండాలో పని మొదలుపెట్టాను. ఈ దీవుల్లో ఐదు దాటితే చీకటే. తేలిక చుట్టకి తెల్ల రమ్, నిమ్మరసం. ఘాటు చుట్టకి నల్ల రమ్, బెల్లం పాకం, దంచిన అల్లం, కాసిని కొబ్బరినీళ్లు. రెండోది చక్కగా కుదిరింది. మా ఆయన కన్నబాబు చుట్ట ముట్టడు గానీ రుచి బాగా చెబుతాడు. చేపల వేటకెళ్లి మధ్యాహ్నానికే తిరిగి రావాల్సిన ఆయన డింగీ పడవ ఇంకా రాలేదు. ఫోను కలవడం లేదు. గాలి పెరుగుతోంది. భయంగా ఉంది. ఊరికే కూర్చోలేక స్టీలు పళ్లెంలో ఒక గ్లాసు కలిపి పెట్టాను. పొగ వాసన కూడా తగలాలని పక్కనే చుట్ట వెలిగించి పెట్టాను. పళ్లెం ఖాళీ కుర్చీ ముందుకి జరిపాను.

"ఇది కన్నబాబుకి" అన్నాను పైకే.

అన్నాక గుర్తొచ్చింది. చుట్టా మందూ ఒకే పళ్లెంలో పెట్టి పేరు పలకడం, మాలో పోయినవాళ్లకే చేస్తారు. "బతికున్నోడి పేరెట్టీసేవంటే, ఆడ్ని సచ్చినోల్లలో కలిపీసినట్టే గుంటా" అనేది అత్త. కొరివితో తల గోక్కున్నాను.

పళ్లెం తీసేద్దామని వంగాను. కరెంటు పోయింది.

గాలి కూడా ఆగింది. కుర్చీ కిర్రుమంది... బరువు పడితే తప్ప కిర్రుమనని కుర్చీ అది. తడి వలల వాసన వచ్చింది. పళ్లెంలో చుట్ట నిప్పు కోసం చూశాను. కనపడలేదు. పొగ మాత్రం మొహానికి తగులుతోంది...

"మావా... ఒచ్చీసేవా?" గుసగుసగా అడిగాను.

గ్లాసు పళ్లకి తగిలిన చప్పుడు. గుటక. ఇంకో గుటక...

ఆయన పోయాడనే అనుకున్నాను. పోయి, పిలిచినందుకు వచ్చాడు. పిలిచింది నేనే...

ఫోను మోగింది.

"ఒలే, జంగ్లీఘాట్ జెట్టీలో ఉన్నాను. ఇంజన్ ఖరాబైపోనాది. దూస్రా బోటోల్లు లాక్కొచ్చేరు. ఒచ్చీస్తన్నాను, ఏడవకు."

ఏడుస్తున్నానని ఆయన అనేదాకా నాకు తెలియదు. ఫోను వెలుతురు కుర్చీ మీదికి తిప్పాను. ఎవరూ లేరు. గ్లాసు ఖాళీ. కుర్చీ కింద నీళ్లు. చుట్ట సగం కాలి ఆరిపోయింది. చేత్తో తీసి చూశాను. కాలిన కొస ఉమ్మితో తడిసి ఉంది.

అత్తే వచ్చింది. నా తప్పు తెలుసుకుని, కొడుక్కి పెట్టింది తనే తీసుకుంది. ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. ఆమె ఫోటోకి దండం పెట్టి, నవ్వాను కూడా.

కన్నబాబు వచ్చాడు. తడిసిపోయాడు, అలిసిపోయాడు, నా కన్నబాబే. పట్టుకుని ఏడ్చాను. వేడన్నంలో చేపల పులుసు వడ్డించాను. మొదటి ముద్దకే మొహం చిట్లించాడు.

"కారమెక్కువైనాదా మావా?"

"కాదే. జెట్టీలో దిగిన కాడ్నించీ నోరు మండిపోతంది. ఏటో సూడు."

నోరు తెరిచాడు. టార్చి వేసి చూశాను.

అంగిలంతా అప్పుడే కాలిన బొబ్బ. నాలుక మీద చుట్ట బూడిద ఉంది.