మూడో గ్లాసు

ఆ శనివారం పొద్దున ఒతీలియా సారా బట్టీ దగ్గర్నుంచి వంటింట్లోకి వచ్చేసరికి కోడలు నోయెమి నారింజపళ్లు చక్రాల్లా కోస్తోంది. పెనం మీద మొక్కజొన్న రొట్టెలు పొంగుతున్నాయి. ఒతీలియా తెల్లవారకముందే లేచి రాగి కాగు కడిగి, కింద మంట వేసి వచ్చింది. లంగా అంచుకి మసి, జడలకి పొగవాసన. ఒక రొట్టె చేతిలోకి తీసుకుని, దానిమీద ఇంత ఉప్పు జల్లుకుని నిలబడే తింటోంది.

కొడుకు ఎలిసేయో ఫోను చెవికి ఆనించుకుని గుమ్మంలోకి వచ్చాడు. "సరే, పదకొండుకి రండి" అని చెప్పి పెట్టేశాడు.

"అమ్మా, ఇవాళ ఎనిమిది మంది వస్తున్నారు. నేతపనివాళ్ల ఊరు చూసి, ఇక్కడ మన సారా రుచి చూసి, తర్వాత పాత కోట రాళ్లు చూడ్డానికి పోతారట. మన దగ్గర నలభై నిమిషాలే. నువ్వు ఆ ఎర్రపూల జాకెట్టు వేసుకో."

"ఎందుకూ?"

"పళ్లేలు నువ్వు పెడితే బాగుంటుంది. ఫొటోలు తీసుకుంటారు. పెట్టేసి అలా పక్కన నిలబడు. మాట్లాడాల్సిన పనేం లేదు."

నోయెమి కత్తి ఆపకుండానే అంది. "మాట్లాడకుండా నిలబడ్డానికైతే అత్తయ్య దేనికి? గోడకి పటం తగిలించుకోరాదూ."

"నువ్వూరుకో" అన్నాడు ఎలిసేయో, నవ్వుతూనే. తల్లి చేతిలోంచి సగం రొట్టె తుంచుకుని నోట్లో వేసుకున్నాడు. "అమ్మా, ఇవాళైనా ఆ దగ్గుమందు తాగు. జనం ముందు గొంతు గీరుకుంటూ ఉంటే బాగోదు."

ఒతీలియా మిగిలిన రొట్టె నోట్లో వేసుకుంది. ఆ దగ్గు సంగతి ఆమెకూ ఆమె భర్తకూ తప్ప ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

తొమ్మిదేళ్ల క్రితం ఆమె భర్త అబుందియోకి మూడు వారాలు జ్వరం కాసింది. లేచి తిరగగలిగిన రోజున తిన్నగా బట్టీ దగ్గరికి వెళ్లి, మెస్కాల్ అనే ఆ కిత్తలి సారా మొదటి ధారని సొరబుర్ర చిప్పలో పట్టుకుని వాసన చూశాడు. మళ్లీ చూశాడు. "నీళ్లు" అన్నాడు. జ్వరం అతని ముక్కునీ నాలుకనీ తీసుకుపోయింది. చుట్టుపక్కల నాలుగూళ్లలో మేస్త్రి అని పిలిపించుకున్న మనిషి, పులుస్తున్న తొట్టిని పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. "ఎవరికీ చెప్పకు ఒతీలియా. ముఖ్యంగా వాడికి చెప్పకు" అన్నాడు. ఎలిసేయోకి అప్పుడు ఇరవయ్యేళ్లు. నాన్న అంటే ప్రాణం.

ఆమె చెప్పలేదు. మొదటి ధారలో విషం ఉంటుంది, చివరి ధారలో నీరసం ఉంటుంది, మంచిదంతా నడి ధార. ఎక్కడ ఏది ఆగి ఏది మొదలవుతుందో ముక్కుకే తెలియాలి. అందుకని ఆమె కాగు పక్కన నిలబడి వాసన పట్టేది, గొంతు సవరించుకునేది. అది విని అబుందియో కింద డబ్బా మార్చేవాడు. పొగ వల్ల దగ్గుతోందని అందరూ అనుకున్నారు. రానురాను గొయ్యిలో రాళ్లు పేర్చడం, కిత్తలి దుంపలు కాల్చడం, పులుపు చూడటం కూడా ఆమె మీదే పడ్డాయి. అవన్నీ కొడుకు నిద్రలేవకముందే ముగించేది. పేరు మాత్రం అబుందియోదే.

పదకొండు దాటాక తెల్ల వ్యాను వచ్చింది. ఎలిసేయో ఈ మధ్యే పెంకులతో వేసిన వసారాలో పొడవాటి బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు వచ్చినవాళ్లు. పైదేశాల జంటలు రెండు, ఫొటోల పిచ్చి ఉన్న ముగ్గురు కుర్రవాళ్లు, వెరాక్రూజ్ నుంచి ఒక్కతే వచ్చిన రిటైరైన టీచరు గ్రసియేలా. వ్యాను నడిపే గైడు చేతిగడియారం చూసుకుంటూ స్తంభానికి ఆనుకున్నాడు. బల్ల తలాపున పెద్ద కుర్చీలో అబుందియో, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో టోపీ.

మొదటి గ్లాసు తోటలో పెంచిన కిత్తలిది. ఎలిసేయో హుషారుగా మాట్లాడాడు. ఎలా చప్పరించాలో, నారింజ చక్రం మీద కిత్తలి పురుగులు వేయించి నూరిన ఉప్పు ఎంత అద్దుకోవాలో చూపించాడు. రెండో గ్లాసు అడవి కిత్తలిది. అది పోస్తూ ఉండగా ఒక కుర్రవాడు ఒతీలియా వైపు చూపించి, "ఆవిడ కూడా తయారుచేస్తారా?" అని అడిగాడు.

ఎలిసేయో నవ్వాడు. "మా ఇంట్లో నాలుగు తరాలుగా మగవాళ్లే చేస్తారు. ఆడగాలి తగిలితే గొయ్యిలో దుంప ఉడకదని మా తాతల నమ్మకం. మా అమ్మ ఇప్పటికీ ఆ గొయ్యి దరిదాపులకి రాదు. ఇదంతా మా నాన్న చేతి చలవ."

అందరూ ఆశ్చర్యంగా ఒతీలియా వైపు తిరిగారు. ఎవరో ఫొటో తీశారు.

ఆమెకి చెవులు వేడెక్కాయి. పోయిన నెల ఆ గొయ్యి అడుగున రాళ్లు సర్దుతుంటే మోచేయి కాలి, ఇంకా పచ్చిగానే ఉంది. జాకెట్టు చేతుల ఎర్రపూలు దాన్ని కప్పేశాయి. తొమ్మిదేళ్లుగా తన చెమట మీద ఇంకొకరి పేరు పెడితే ఊరుకుంది, అది తను ఇష్టపడి ఇచ్చింది కాబట్టి. కానీ తను అంటుకుంటే చెడిపోతుందనడం వేరు. ఆమె భర్త వైపు చూసింది. కనీసం తల అడ్డంగానైనా ఊపుతాడేమోనని చూసింది. అబుందియో టోపీలోకి చూసుకుంటూ, అవునన్నట్టు నిలువుగా ఊపాడు.

"ఇప్పుడు అసలైనది" అన్నాడు ఎలిసేయో, పేరు రాయని సీసా ఒకటి తెచ్చి బల్ల మీద పెడుతూ. "ఇది ఇంకెక్కడా దొరకదు. అమ్మ మా పిన్నికి ఆపరేషనని పట్నం వెళ్లినప్పుడు నాన్న ఒక్కడే, ఎవరి సాయం లేకుండా తీశాడు. అమ్మకి కూడా ఇవాళే తెలుస్తోంది."

ఒతీలియా ఆ సీసా వైపు ఒక అడుగు వేసింది. తను ఊరినుంచి తిరిగొచ్చినప్పుడు తొట్టి ఖాళీగా ఉంటే అడిగింది. పులుపెక్కిపోయింది, పారబోశామని అబుందియో చెప్పాడు. పారబొయ్యలేదన్నమాట. ముక్కు లేకుండా కాచాడన్నమాట.

నోయెమి వరసగా పోసుకుంటూ వచ్చింది. గాలి ఇటు తిరిగింది. గోళ్లరంగు చెరిపే మందులాంటి ఘాటు ఒతీలియా ముక్కుని పొడిచింది. మొదటి ధార వేరు చెయ్యకుండా మొత్తం కలిపేశాడు.

"తాగకండి" అందామె.

గబగబా బల్ల దగ్గరికి వచ్చి ఒక్కొక్కరి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. ఆ కుర్రవాడు అప్పటికే పెదవుల దాకా ఎత్తాడు, అతని చేతిమీద తట్టి మరీ లాక్కుంది.

"అమ్మా, ఏంటిది?" ఎలిసేయో గొంతు తగ్గించి అడిగాడు.

"దీన్ని ఎవరూ తాగకూడదు."

"ఎందుకని?"

ఆమె అబుందియో వైపు చూసింది. అతను టోపీ అంచు తిప్పుకుంటున్నాడు.

ఎలిసేయో అతిథుల వైపు తిరిగి నవ్వు తెచ్చుకున్నాడు. "ఏమనుకోకండి. తను లేకుండా తీశారని మా అమ్మకి కోపం. ఆడవాళ్ల పంతం మీకు తెలియనిదేముంది." సీసా అందుకుని ఇంకో గ్లాసులో పొయ్యబోయాడు. ఒతీలియా ఆ సీసా లాక్కుని మట్టిలో బోర్లించింది. కొడుకు ఆమె చెయ్యి పట్టుకున్నాడు, సరిగ్గా ఆ కాలినచోటే.

"లోపలికి వెళ్లు. పరువు తీస్తున్నావు. నాన్న పరువు."

ఆమె నొప్పికి పళ్లు బిగబట్టింది గాని చెయ్యి విడిపించుకోలేదు. భర్తతోనే మాట్లాడింది.

"ఏమయ్యా. నీ నోరు కూడా పోయిందా?"

పెరట్లో గాడిద తోకతో ఈగలు తోలుకుంటున్న చప్పుడు వినపడుతోంది.

"నేను చెప్పను. తొమ్మిదేళ్లు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. నీకు మాటిచ్చాను. నువ్వు చెప్పు. చెప్పలేవా, ఇదిగో ఈ గ్లాసు తీసుకెళ్లి ఆ పిల్లాడి చేత నువ్వే తాగించు. నీ పరువు కోసం నా నోరు కట్టేసుకున్నాను. నా గాలి తగిలితే చెడిపోతుందన్నా ఊరుకున్నాను. పరాయి తల్లి కన్న బిడ్డ కళ్లు పోతుంటే మాత్రం ఊరుకోను."

అబుందియో లేచాడు. కుర్చీ వెనక్కి జరిగి గోడకి తగిలింది. టోపీ ఎక్కడ పెట్టాలో తెలియక బల్ల మీద పెట్టాడు.

"వదులు అమ్మ చెయ్యి" అన్నాడు కొడుకుతో. ఎలిసేయో వదిలాడు.

"నాకు వాసన తెలీదు" అన్నాడు అబుందియో. "రుచి కూడా తెలీదు. అప్పటి జ్వరంతో పోయింది. ఈ తొమ్మిదేళ్లలో ఈ ఇంట్లో తీసిన ప్రతి చుక్కా మీ అమ్మ తీసిందే. గొయ్యిలో రాళ్లు ఆవిడే పేరుస్తుంది, దుంపలు ఆవిడే కాలుస్తుంది. ఆవిడ దగ్గితే నేను డబ్బా మార్చేవాణ్ని. నేను చేసిందల్లా అంతే."

ఎలిసేయో ఖాళీ అయిన సీసా చూపించాడు. "మరి ఇది?"

"నువ్వు తియ్యి నాన్నా, నీ చేత్తో తియ్యి అన్నావు. కాదనలేకపోయాను. ఒక్కసారి నువ్వనుకునే మనిషినవ్వాలనిపించింది. ధారలో బుడగలు చూసి అంచనా వేశాను. సరిగ్గానే వచ్చిందనుకున్నాను." భార్య వైపూ కొడుకు వైపూ చూశాడు. "అమ్మకి చెప్పొద్దన్నాను నీతో. నీకు చెప్పొద్దన్నాను అమ్మతో. ఇందాక నువ్వు ఆ మాట అంటుంటే తలూపాను. అన్నిటికంటే అది పెద్ద తప్పు."

గైడు ఇబ్బందిగా గడియారం చూపించాడు. "మనకి టైమైపోతోంది, కోట దగ్గర..."

"అన్ని వందల ఏళ్లున్న రాళ్లు ఇంకో గంట ఉండలేవా?" అంది గ్రసియేలా టీచరు. "నువ్వు కూర్చో నాయనా." గైడు కూర్చున్నాడు.

"నాకు చెప్పొచ్చుగా అమ్మా" అన్నాడు ఎలిసేయో. చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

"నువ్వు అడిగావా?" ఒతీలియా జాకెట్టు చెయ్యి పైకి లాగింది. పచ్చిగా ఉన్న కొత్త పుండు, దానికింద పాత మచ్చలు, మోచేతి నుంచి మణికట్టు దాకా. "ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ చేతుల రొట్టెలు తింటున్నావు. పొద్దున కూడా నా చేతిలోదే తుంచుకున్నావు. ఇవెక్కడివని ఒక్కరోజు అడిగావా? దగ్గుమందు తెచ్చిచ్చావు, బాగానే ఉంది. ఎందుకు దగ్గుతున్నానో చూశావా? కాగు దగ్గర తప్ప ఇంకెక్కడా దగ్గనని నీ పెళ్లానికి తెలుసు. నీకు తెలీదు."

నోయెమి కళ్లు తుడుచుకుంటోంది. "నాకు అనుమానంగా ఉండేది అత్తయ్యా" అంది నెమ్మదిగా. "మీరు చెప్పేదాకా అడగకూడదనుకున్నాను."

ఎలిసేయో తల్లి చేతిని చూశాడు. తిన్నగా కొట్టుగదిలోకి వెళ్లి, తండ్రి ఒక్కడే తీసిన ఆ సారా డబ్బాలు రెండు మోసుకొచ్చాడు. పెరటి చివర ముళ్లపొదల అవతల, పశువులు తొక్కని చోట గుంట తవ్వి పారబోశాడు. మళ్లీ వెళ్లి ఇంకో రెండు తెచ్చాడు. తిరిగొచ్చేసరికి చొక్కా అంతా తడిసి ఉంది. బల్ల ముందు నిలబడి అతిథులతో అన్నాడు.

"ఆడగాలి గురించి నేను చెప్పింది అబద్ధం. మా తాతలు అలా అనేవాళ్లో లేదో కూడా నాకు తెలీదు. ఇంకెక్కడో విన్నాను. వినడానికి బాగుందని చెబుతూ వచ్చాను. ఇందాక మీరు తాగిన రెండు గ్లాసులూ మా అమ్మ తీసినవి." తల్లి వైపు తిరిగాడు. "తప్పైపోయిందమ్మా. నొప్పిగా ఉందా?"

"ఉంది" అంది ఒతీలియా. లేదని చెప్పాలనిపించలేదు.

నోయెమి వెళ్లి కలబంద మట్ట కోసుకొచ్చి భర్త చేతికిచ్చింది. ఎలిసేయో తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ గుజ్జు తీసి పుండు మీద రాశాడు. ఆమె వద్దనలేదు. కోపం పోలేదు గాని, వాడి నడినెత్తిన చెమటకి అతుక్కున్న జుట్టుని రెండో చేత్తో వెనక్కి తోసింది.

"మాకు మూడో గ్లాసు బాకీ ఉంది తల్లీ" అంది గ్రసియేలా టీచరు. "మీ చేత్తో పోస్తారా?"

ఒతీలియా లోపలికి వెళ్లి, తను దాచుకున్న చిన్న కుండ తెచ్చింది. రెండేళ్ల క్రితం కొండ మీద కిత్తలితో తీసింది. అందరికీ కొంచెం కొంచెం పోసింది. ఎవరూ ఫొటోలు తియ్యలేదు. కుర్రవాడు ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

అబుందియో ఇంకా నిలబడే ఉన్నాడు. "నాక్కూడా కొంచెం" అన్నాడు.

"నీకెందుకు?"

"ఎలా ఉందో చెప్పు ఒతీలియా. ఎవరైనా వింటారని ఇన్నేళ్లూ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నాకు చెప్పు."

ఆమె అతని మొహంలోకి చూసింది. తిట్టడానికి ఇంకా చాలా ఉంది. అవన్నీ తర్వాత ఒక్కొక్కటే తిడుతుంది. గ్లాసు నింపి అతని చేతిలో పెట్టింది.

"మొదట పచ్చిగడ్డి. వాన పడ్డ మర్నాడు కొండమీద ఉంటుందే, అలాంటిది. తర్వాత పొగ, ఎక్కువ లేదు. నాలుక కొసన మిరియం తగిలినట్టుంటుంది. మింగాక చివర్లో..." ఆగింది. "చివర్లో జామపండు. బాగా మాగింది. పెళ్లికి ముందు నువ్వు మా అమ్మకిమ్మని సంచీడు తెచ్చావే, దార్లో సగం చితికిపోయి, ఆ వాసన."

అబుందియో ఒక గుక్క తీసుకుని నోట్లోనే ఉంచుకున్నాడు. మింగాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"జామపండు తెలిసింది" అన్నాడు.

"అబద్ధాలాడకు."

అతను గ్లాసులోకి చూశాడు. "తెలీలేదు" అని ఒప్పుకున్నాడు.

ఒతీలియా అతని పెద్ద కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుని, అతిథుల మధ్య, అందరికీ కనబడేలా కూర్చుంది. పక్కనున్న బెంచీ మీద అతనికి చోటు చూపించింది.