బిల్లు పడే రోజు

ఆగండాగండి, ఫోన్ కాస్త పక్కన పెట్టి ఇది వినండి. ఒక పెళ్ళి క్రెడిట్ కార్డు దగ్గర ఆగిపోయింది. బాకీ ఉండి కాదు, కట్టేసినా ఉన్నట్టే కనబడి.

అమ్మాయి ఫిజియోథెరపిస్టు. అబ్బాయి స్టేజీ షోలకి లైట్లు వేస్తాడు. నిచ్చెన మీంచి జారి, భుజం పట్టేసి ఆమె దగ్గరికొచ్చాడు.

"నొప్పి ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది?" అని అడిగిందామె.

"మీరు చెయ్యి తీసేసినప్పుడండీ."

ఆమె ఇంకాస్త గట్టిగా నొక్కింది. కెవ్వుమన్నాడు. భుజం నయమైంది గానీ మనిషి రావడం మాత్రం మానలేదు.

అలా మొదలైన కథ లెక్కల మాష్టారి ముందుకొచ్చి నిలబడింది. మాష్టారంటే ఆమె అన్నయ్యే. అమ్మా నాన్నా పోయాక ఆమెకి అన్నీ తనే అయి పెంచినవాడు. ఒకప్పుడు స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టి, ఆ అప్పంతా తనే తీర్చాడు. అప్పట్నించీ ఆయనకి నోటిమాటంటే నీటి మీద రాతే.

"అప్పులేమైనా ఉన్నాయా?" అన్నాడు మాష్టారు.

"చిల్లిగవ్వ లేదండీ."

"అయితే క్రెడిట్ రిపోర్టు తీసి చూపించండి."

అబ్బాయి నవ్వుతూ ఫోన్లో రిపోర్టు తీసి, తను కూడా చూడకుండానే ఇచ్చేశాడు. మాష్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, పరీక్ష పేపరు దిద్దినట్టు పైనుంచి కిందికి చదివాడు.

"కార్డు లిమిట్‌లో తొంభై ఆరు శాతం వాడేశారు. స్కోరు దిగిపోయింది."

"మొన్నే మొత్తం కట్టేశానండీ."

"రిపోర్టు అలా అనట్లేదే." మాష్టారు ఫోన్ వెనక్కిచ్చాడు. "నా స్నేహితుడూ ఇదే అనేవాడు. మొన్నే కట్టేశానని."

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది. సోఫా కింద పడుకున్న ముసలి కుక్క గుమ్మడి కూడా తల ఎత్తి చూసింది.

మెట్లు దిగుతుంటే ఆమె మెల్లగా అడిగింది. "నిజంగానే కట్టావా?"

అతను ఆగిపోయాడు. మాష్టారన్నప్పుడు గుచ్చుకోలేదు గానీ ఇది గుచ్చుకుంది.

"నువ్వు కూడానా?"

"రిపోర్టులో ఉంది కదా మరి."

అతను అక్కడికక్కడే కార్డు కంపెనీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. అవతలి అమ్మాయి చాలా తీయగా చెప్పింది. "సార్, ప్రతి నెలా మీ బిల్లు తయారైన రోజు బాకీ ఎంతుందో అదే మేం క్రెడిట్ రిపోర్టు తయారుచేసే బ్యూరోకి పంపిస్తాం. మీరు గడువు లోపలే కట్టారు, వడ్డీ కూడా పడలేదు. కానీ బిల్లు పడ్డాక కట్టారు కదా, అది వచ్చే నెల రిపోర్టులోనే తెలుస్తుంది."

అంటే ఫొటో తీసేటప్పుడు నోట్లో ముద్ద ఉంటే, నెలంతా బుగ్గ ఉబ్బినట్టే కనబడుతుందన్నమాట.

అతను షోలకి లైట్ల అద్దెంతా కార్డు మీదే గీకి, షో డబ్బు రాగానే కట్టేస్తాడు. గడువు దాటకపోతే చాలనుకున్నాడు, బిల్లు పడే రోజు సంగతి ఏనాడూ పట్టించుకోలేదు.

"సారీ," అందామె. అతను ఇంకా మూతి ముడుచుకునే ఉన్నాడు. "భుజం నొక్కనా?" అంది. అప్పుడు నవ్వాడు.

ఆమె పైకెళ్ళి అన్నయ్యకి ఇదంతా చెప్పింది. మాష్టారు కరగలేదు. "సరే, ఇప్పుడు తెలిసింది కదా. వచ్చే నెల సున్నా చూపించమను. చూపిస్తే మాట్లాడుకుందాం. లేకపోతే అతని ఫోన్ ఎత్తకు."

ఆ నెల అబ్బాయి లైట్లన్నీ బతిమాలి అరువు తెచ్చాడు. రాబోయే షోకి అడ్వాన్సు అడిగి, ఆ డబ్బుతో కార్డు బాకీ సున్నా చేశాడు. చేతిలో టీ డబ్బులు తప్ప ఏం మిగల్లేదు. బిల్లు పడే రోజు పొరపాటున కూడా చెయ్యి కార్డు మీదికి పోకూడదని, దాన్ని లైట్ల పెట్టె మూతకి నల్ల టేపుతో అంటించేశాడు.

సరిగ్గా ఆ రోజు పొద్దున గుమ్మడి మాష్టారి సాక్సు మింగేసింది.

మాష్టారు పరీక్ష డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ గేటు దగ్గరే తీసేసుకున్నారు. ఆమె గుమ్మడిని ఎత్తుకుని జంతువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

"పేగుల్లో ఇరుక్కుంది, ఇప్పుడే కోయాలి," అన్నాడు డాక్టరు. "డబ్బు ముందు కట్టాలమ్మా."

ఆమెకి ఇంకా జీతం పడలేదు. ఇద్దరు స్నేహితురాళ్ళని అడిగితే ఇద్దరిదీ అదే పరిస్థితి. ఏం చెయ్యాలో తోచక అతనికి ఫోన్ చేసింది, డబ్బు కోసం కాదు, ఏడవడానికి.

వానలో తడిసి ముద్దయి వచ్చాడు. చంకలో లైట్ల పెట్టె మూత.

"వద్దు," అందామె. "బిల్లు పడేది ఇవాళే."

"తెలుసు."

"అన్నయ్య సంగతి నీకు తెలీదు. ఒకసారి కాదంటే ఇంక అంతే."

"తెలుసే బాబూ." గోరుతో టేపు లాగుతున్నాడు. గట్టిగా అంటించాడేమో, ఓ పట్టాన ఊడట్లేదు. "మీ అన్నయ్యకి మాత్రం చెప్పకు. కుక్క పుణ్యమా అని పిల్లనిచ్చినట్టవుతుంది. ఒట్టెయ్."

టేపు చర్రున చిరిగింది. కౌంటర్లో మెషీను బీప్‌మంది.

గుమ్మడి బతికింది. సాయంత్రం మాష్టారు దాని తల ఒళ్ళో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. "డబ్బెవరు కట్టారే?"

"సర్దాను అన్నయ్యా."

ఆయన అప్పటికప్పుడే మొత్తం పంపించాడు. ఆమె అతనికి పంపింది. అతను మర్నాడే కార్డు కట్టేశాడు. ఏం లాభం? బిల్లు అప్పటికే పడిపోయింది.

కొత్త రిపోర్టు వచ్చిన ఆదివారం మళ్ళీ అదే గది, అదే ఫ్యాను. మాష్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఎనభై ఎనిమిది శాతం."

అబ్బాయి తల వంచుకున్నాడు.

"ఈసారి మొన్నే కట్టేశాననరా?"

ఆమె నోరు తెరవబోయింది. అతను చూసిన చూపుకి ఒట్టు గుర్తొచ్చి మూసేసుకుంది.

మాష్టారు ఫోన్ వెనక్కివ్వబోతూ ఆగాడు. మళ్ళీ దగ్గరికి తీసుకున్నాడు.

"ఇరవై ఏడు వేల నాలుగు వందల పదమూడు," అని చదివాడు. ఇంకోసారి చదివాడు. "ఈ అంకె నాకు తెలుసు. ఆ డాక్టరు చివర పదమూడు కూడా వదల్లేదని తిట్టుకున్నాను."

ఆయన చూపు కిందికి దిగింది. పొట్టకి కట్టుతో ఉన్న గుమ్మడి, అబ్బాయి పాదం మీద గెడ్డం ఆనించి గుర్రుపెడుతోంది.

"సర్దానన్నావు. ఎవరి దగ్గర?"

ఆమె గోడకేసి చూసింది. అబ్బాయి పైనున్న లైటుకేసి చూశాడు.

"బిల్లు పడే రోజని తెలుసా మీకు?"

"తెలుసండీ."

"తెలిసే గీకారా?"

"సాక్సు వచ్చే నెల దాకా ఆగదు కదండీ."

మాష్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. అద్దాలు ఎప్పుడో శుభ్రమైపోయాయి, అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"కాఫీ పెట్టవే," అన్నాడు చివరికి. "బావకి పంచదార ఎన్ని చెంచాలో కనుక్కో."

రెండని ఆమెకి ఎప్పుడో తెలుసు. అయినా అతని పక్కకెళ్ళి, చెవి దగ్గర వంగి మరీ అడిగింది.

మరి మీరు చెప్పండి. పెళ్ళంతా ఆ ఒక్క రోజు మీదే ఉండి, సరిగ్గా అదే రోజు ఎవరిదో ముసలి కుక్క బల్ల మీద మూలుగుతుంటే, మీరైతే ఆ టేపు పీకేవారా?