పక్కింటివాళ్లు రాయించిన పుస్తకం

రజాకార్ల గొడవ సద్దుమణిగి ఏడాది కావస్తోంది. పుప్పాలగూడలో ఆ పొద్దున నీలమ్మ ఒక చేత్తో జొన్నరొట్టె తిప్పుతూ, ఇంకో చేత్తో పుస్తకంలో పెన్సిలుతో గబగబా రాస్తోంది. మధ్యాహ్నం ఊరి కుర్రాడు సాయిలు బొంబాయి బండి ఎక్కుతాడు. ఈలోగా పుస్తకం అతని మూటలో పడాలి. తప్పితే మళ్లీ సంక్రాంతి దాకా అటు పోయేవాళ్లు లేరు.

బొంబాయి మిల్లుల్లో పనిచేసే ఊరివాళ్లు పోయినేడు మండుటెండల్లో కంబళ్ల మూట పంపారు. మనసు మంచిదే, కప్పుకునేదెవరు? అందుకే ఈసారి నీలమ్మ మరిది ఎల్లేశం జాబు రాశాడు. "వదినా, ఎవరింట్లో ఏం కావాలో రాసి పంపు. అదే పంపుతం."

కానీ ఏ గడప ఎక్కినా "మాకేం తక్కువ?" అన్నవాళ్లే. మూడోరోజు నీలమ్మ మాట మార్చింది. "మీ సంగతి ఉండనీ, పక్కింటోళ్లకేం కావాలె?" అంతే! పుస్తకం చకచకా నిండింది. బుచ్చమ్మ ఇంటికి కప్పు, మొగిలి పిల్లలకు పలకలు...

"ఏందే! ఊరి గుట్టంత బొంబాయికి తోలుతున్నవా?"

మామ రాజయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"గుట్టు కాదు మామా, అవసరం."

"కల్లు దుకాణం కాడ వీరేశంగాడు నాకినబడేటట్టు అన్నడు, మా ఇల్లు గూడ నీ పుస్తకంల ఎక్కిందని! నా ఇంటికేం తక్కువ?"

పక్కింటి వీరేశంతో రాజయ్యకు రెండేళ్లుగా పొలం గట్టు తగాదా. మాటల్లేవు.

"జర నెమ్మది! పిల్ల పదిదినాలు తిరిగి రాసింది," అంది అత్త కిష్టమ్మ.

రాజయ్య వినలేదు. పుస్తకం లాక్కుని పొయ్యిలోకి విసిరాడు. అది పొయ్యి దాటి, పక్కనున్న కుడితి తొట్టి అంచుకు తగిలి కింద పడింది.

కిష్టమ్మ పకపకా నవ్వింది. రాజయ్య మాత్రం మంట వైపే చూస్తూ అడిగాడు.

"పడ్డదా? కాలుతున్నదా?"

నవ్వు టక్కున ఆగిపోయింది.

నీలమ్మ పుస్తకం తీసి కొంగుతో తుడిచింది. "కాలలేదు మామా. కూసో, మన పేజీ సదువుత. నాలుగిండ్లోళ్లు ఒక్కటే మాట చెప్పిండ్రు. 'రాజయ్యకు కండ్లల్ల పొర కమ్మింది. బాయి కాడికి తడుముకుంట పోతడు. ఎవ్వరికీ చెప్పుకోడు. దవాఖానల సూపియ్యాలె.'"

రాజయ్య అరుగు తడుముకుని కూలబడ్డాడు. "ఊరందరికీ ఎరుకేనా?"

"నాకే ఎరుక లేకపాయె," కిష్టమ్మ కళ్లొత్తుకుంది. "నాకన్న చెప్పొద్దా?"

"చెప్తే నువ్వు పొలం పోనిస్తవా?" అన్నాడు రాజయ్య. "మొదలు చెప్పిందెవరు బిడ్డా?"

"వీరేశం పెద్దయ్య. చెప్పుకుంట ఏడ్చిండు."

రాజయ్య వీరేశం ఇంటివైపు తల తిప్పాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "వాని పేజీల ఏమున్నది?"

"ఖాళీ. పక్కిల్లు మనదే గద. నిన్నడగనీకి భయమేసింది."

"రాయి. ఎద్దు కావాలె వానికి."

"అగో! గది మాత్రం కనబడ్డదా?" అంది కిష్టమ్మ.

"వాని జోడెడ్ల గంటలు రోజూ ఇంటుంటి. నెల రోజుల సంది ఒక్కటే మోగుతున్నది. ఒంటెద్దుతోని ఏం దున్నుతడు?"

నీలమ్మ కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ రాసింది. బయట సాయిలు కేకేశాడు. "అక్కా, పొద్దెక్కింది! పుస్తకం ఇస్తవా?"

"ఆగురా!" అరిచాడు రాజయ్య. కోడలి పక్కకు జరిగి కూర్చున్నాడు. "అవతలి వాడకట్టు ఇండ్ల సంగతి నాకెరుక. రాసుకో బిడ్డా."