రేడియోలో ఇంగ్లీషు గొంతు

టప్!

పోస్టు కప్పు మీద ఇసుక బస్తా చిరిగింది. తోర్యాలై మొహం నిండా మట్టి.

తుడుచుకునే టైం లేదు. రేడియో బటన్ నొక్కి అరుస్తాడు.

"ఎనీ ఎయిర్‌క్రాఫ్ట్... ఎనీ ఎయిర్‌క్రాఫ్ట్! దిస్ ఈజ్ పోస్ట్ సెవెన్! వుయ్ నీడ్ హెల్ప్!"

బటన్ వదులుతాడు. చెవి ఆనించి వింటాడు.

గరగర... అంతే.

పొద్దు కొండ వెనక్కి జారుతోంది. కింద లోయలో మోటార్‌సైకిళ్ళ చప్పుడు. ఒకటి కాదు... చాలా!

దుష్మన్లు దగ్గరికి వచ్చేశారు. తాలిబన్లు అనే మాట ఈ సైనిక పోస్టులో ఎవరూ వాడరు. దుష్మన్లు అంటే చాలు, అందరికీ తెలుసు.

"ఎవర్ని పిలుస్తున్నావన్నా?" మెషిన్‌గన్ వెనక నుంచి ఖుదాబెర్ది గొంతు. ఉజ్బెక్ వాడు. నెత్తి మీద చావు కూర్చున్నా నోరు ఊరుకోదు. "అమెరికా వాళ్ళనా? ఈపాటికి వాళ్ళు ఇంటికెళ్ళి, స్నానాలు చేసి, భోంచేసి, గుర్రుపెట్టి నిద్రపోతుంటారు."

"నోర్మూసుకుని కాల్చరా."

"దేంతో కాల్చమంటావ్? రాళ్ళతోనా?"

నిజమే. తూటాలు అయిపోవచ్చాయి. నీళ్ళు నిన్ననే అయిపోయాయి. జిల్లా కేంద్రం దుష్మన్ల చేతిలో పడిపోయింది. పై ఆఫీసుకి ఫోన్ చేస్తే... జనరల్‌గారి ఫోన్ స్విచాఫ్!

ఇన్నేళ్ళూ యుద్ధమంటే ఏంటి? తోర్యాలై ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పేవాడు. ఆకాశం నుంచి పిడుగు దిగేది. అంతే. మా సైనికులకి నేర్పిన యుద్ధం అదే. ఆ విమానాలు వేసవి మొదట్లో వెళ్ళిపోయాయి. వాటిని బాగుచేసే మెకానిక్కులూ వెళ్ళిపోయారు. మాకు మిగిల్చిన హెలికాప్టర్లు ఎగరలేక షెడ్డుల్లో కూర్చున్నాయి.

గోడ కట్టి, పునాది మాత్రం తమతో పట్టుకెళ్ళిపోయారు.

"పిలుస్తూనే ఉండు!"

కింద గదిలోంచి కెప్టెన్ వలీదాద్ అరుపు. అతని తొడకి తలపాగా గుడ్డ చుట్టి ఉంది. గుడ్డంతా నెత్తురు.

"ఎవరూ పలకట్లేదు సాబ్!"

"పలుకుతారు! పిలువ్!"

పొద్దుటి నుంచీ ఇదే మాట. విమానం వస్తుందన్న ఆ ఆశే లేకపోతే అందరూ ఎప్పుడో కొండ దాటి పారిపోయేవాళ్ళు. ఆశే వాళ్ళని ఇక్కడ కట్టిపడేసింది.

తోర్యాలై మళ్ళీ బటన్ నొక్కుతాడు.

"ఎనీ ఎయిర్‌క్రాఫ్ట్..."

వదులుతాడు.

గరగర... గరగర...

"పోస్ట్ సెవెన్... ఐ హియర్ యూ."

తోర్యాలై రేడియోని చెవికి అదుముకుంటాడు!

ఇంగ్లీషు! ముక్కుతో పలికే అమెరికా ఇంగ్లీషు!

"సాబ్! పలికారు! పలికారు సాబ్!"

పోస్టు మొత్తం ఒక్కసారి లేచి నిలబడినంత పనవుతుంది. ఎవరో అల్లాని తలుచుకుని ఏడుస్తున్నారు. ఖుదాబెర్ది మెషిన్‌గన్ వదిలేసి పాక్కుంటూ వచ్చి రేడియోని ముద్దు పెట్టుకుంటాడు.

"నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా! వాళ్ళు దేవుళ్ళు! అడుగన్నా, సిగరెట్లు కూడా తెమ్మను!"

"ఉష్! విననీ!"

గొంతు చెబుతోంది. నెమ్మదిగా, తడబాటు లేకుండా. హెలికాప్టర్లు బయల్దేరాయి. పోస్టు ముందున్న ఎండిపోయిన వాగులోకి రండి. అందరూ రండి. గాయపడ్డవాళ్ళని మోసుకురండి. బరువు వద్దు, పెద్ద తుపాకులు వదిలేయండి. చీకటి పడేలోపు ఎక్కాలి.

తోర్యాలై ఒక్కో ముక్కా కిందికి అరిచి చెబుతున్నాడు. ఇంటికి... ఇంటికి పోతాం!

"స్ట్రెచర్ ఎత్తండి!" కెప్టెన్ ఆర్డర్. "గేటు తీయండి!"

ఇనుప గేటు కిర్రుమంటుంది. ఇద్దరు సైనికులు దుప్పటి మీద పడుకోబెట్టిన మనిషిని ఎత్తుతారు. ఖుదాబెర్ది మెషిన్‌గన్ వైపు ఒకసారి చూసి, పెళ్ళాన్ని వదిలి వెళ్తున్నట్టు దాన్ని నిమిరి, మెట్లు దిగుతాడు.

"వుయ్ ఆర్ కమింగ్, సర్!" తోర్యాలై రేడియోలో అరుస్తాడు. "థాంక్యూ సర్! థాంక్యూ!"

బటన్ వదులుతాడు.

"గుడ్." గొంతు ఒక్క క్షణం ఆగింది. "డోంట్ బీ టైర్డ్, బ్రదర్."

తోర్యాలై నోటికి జవాబు దానంతటదే వచ్చేస్తుంది... ఖ్వార్ మ షే...

నాలుక చివర ఆగిపోతుంది.



మా కొండల్లో ఇద్దరు ఎదురుపడితే మొదటి మాట అదే. పొలంలో, దారిలో, పోస్టులో... అలసిపోకు. దానికి జవాబు... ఖ్వార్ మ షే, నీ బతుకు చితికిపోకూడదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ రోజూ అనే మాట, వినే మాట.

ఆ మాట ఇంగ్లీషులో ఎక్కడుంది?

ఏ అమెరికావాడు అంటాడు?

"గేటు మూయండి!"

ఒక్క ఉదుటున తోర్యాలై మెట్లు దిగుతాడు. కాలు మడత పడుతుంది. లేస్తాడు. "మూయండ్రా! బయటికి పోవద్దు!"

దుప్పటి మోసేవాళ్ళు అప్పటికే గేటు దాటారు. ఖుదాబెర్ది వెనకవాడి కాలర్ పట్టుకుని లోపలికి గుంజుతాడు. దుప్పట్లో మనిషి కేక పెడతాడు.

"పిచ్చెక్కిందా?" కెప్టెన్ వలీదాద్ చేతిలో పిస్తోలు! సూటిగా తోర్యాలై గుండెకి! "హెలికాప్టర్ వస్తోంది! గేటు తియ్!"

"అది అమెరికావాడు కాదు సాబ్!"

"ఇంగ్లీషులో మాట్లాడాడు! నేను విన్నా!"

"అలసిపోకు అన్నాడు సాబ్!"

"ఏంటి?"

"అలసిపోకు, సోదరా అన్నాడు! ఇంగ్లీషులో!" తోర్యాలై రొప్పుతున్నాడు. "ఇన్నేళ్ళు వాళ్ళతో తిరిగాం. ఒక్కడంటే ఒక్కడు... మనం అలసిపోయామా అని ఎప్పుడైనా అడిగాడా సాబ్?"

 

కెప్టెన్ పిస్తోలు కిందికి దిగుతుంది. అతని మొహం ఒక్క నిమిషంలో ముసలిదైపోయింది.

"వాగులో కాచుకుని ఉన్నారు..." గొణుగుతాడు. "మనల్ని కోళ్ళలా పిలుస్తున్నారు."

"ఎవడు సాబ్ వాడు?" ఖుదాబెర్ది పళ్ళు నూరుతున్నాడు. "దుష్మన్లలో అంత ఇంగ్లీషు ఎవడికొచ్చు?"

తోర్యాలైకి తెలుసు. ముక్కుతో పలికినా, గరగరలో మునిగినా... ఇప్పుడా గొంతు తెలుస్తోంది.

జియార్మల్.

అమెరికా వాళ్ళ ఇంటర్‌ప్రెటర్. తోర్యాలై చెయ్యి పట్టుకుని రేడియో ముందు కూర్చోబెట్టి, మాట మాటా నేర్పినవాడు. ఒకే కంచంలో తిన్నవాడు. తోర్యాలై కూతురికి పేరు పెట్టినవాడు. వాళ్ళు వెళ్ళిపోయాక జిల్లా కేంద్రంలో ఉండేవాడు. అది పడిపోయాక జాడ లేదు. చచ్చిపోయాడనుకుని తోర్యాలై రెండు రాత్రులు ఏడ్చాడు.

చావలేదు. అమ్ముడుపోయాడు!

"వెనక కారేజ్ ఉంది," అంటాడు కెప్టెన్. కొండలోంచి పొలాలకి నీళ్ళు తెచ్చే పాత సొరంగం. ఎండిపోయి చాలా కాలమైంది. "పాక్కుంటూ పోతే అవతలి లోయలో తేలతాం. కానీ గాయపడ్డవాళ్ళని ఈడ్చుకెళ్ళాలి. టైం పడుతుంది." తోర్యాలై భుజం పట్టుకుంటాడు. "వాణ్ణి మాటల్లో పెట్టు. వస్తున్నాం, వస్తున్నాం అని చెబుతూ ఉండు. అనుమానం రాకూడదు."

"సరే సాబ్."

తోర్యాలై మళ్ళీ కప్పు మీద.

"సర్, వుయ్ హావ్ వూండెడ్. స్లో... సారీ, స్లోలీ కమింగ్."

"ఓకే. టేక్ యువర్ టైం."

టేక్ యువర్ టైం! నిన్ను చంపడానికి నేను తీరుబడిగా కూర్చున్నా అంటున్నాడు!

వెనక పెరట్లో ఒక్కొక్కరూ కారేజ్‌కి దారితీసే బావిలాంటి గోతిలోకి దిగుతున్నారు. దుప్పటి దిగింది. ఇంకో దుప్పటి. కెప్టెన్‌ని తాడు కట్టి దించుతున్నారు.

"సర్, గేట్ ప్రాబ్లం. టూ మినిట్స్."

"నో ప్రాబ్లం. వుయ్ వెయిట్."

వాగు గట్టు మీద ఏదో మెరిసింది. రాళ్ళ మధ్య ఒక తల. దాని పక్కన ఇంకోటి. ఇంకోటి... గట్టు పొడుగునా తలలే!

అందరూ గేటు దాటుంటే? ఒక్కడూ మిగిలేవాడు కాదు!

"అన్నా!" గోతి అంచు నుంచి ఖుదాబెర్ది. "అందరూ దిగారు! నువ్వొక్కడివే! రా!"

రావాలి. రేడియో అక్కడ పడేసి, మెట్లు దిగి, గోతిలోకి దూకాలి. అంతే పని.

రేడియో వదలడు.

ఒకే కంచంలో తిన్న చెయ్యి. కూతురికి పెట్టిన పేరు. ఆ నోటితోనే చావుకి రమ్మని పిలుస్తాడా?

"అన్నా! ఏం చేస్తున్నావ్?"

తోర్యాలై బటన్ నొక్కుతాడు. ఈసారి ఇంగ్లీషు కాదు. అమ్మ నేర్పిన పష్తూలో!

"జియార్మల్! ఒరేయ్ కుక్కా! నీ గొంతు నాకు తెలీదనుకున్నావా? ఎంతకి అమ్ముడుపోయావురా? అబద్ధం కూడా సరిగ్గా ఆడ్డం రాదు నీకు! డోంట్ బీ టైర్డ్ అట! ఏ అమెరికావాడు అంటాడురా ఆ మాట? ఆ ఒక్క మాటతో దొరికిపోయావ్! మేం పోతున్నాం! నీ వాగులో నువ్వే పడి చావు!"

బటన్ వదులుతాడు. రొప్పుతున్నాడు. కోపం చల్లారినట్టే ఉంది.

గరగర...

ఇంకో గొంతు వినిపిస్తుంది. దూరంగా, రేడియోకి అవతల. బండ గొంతు. పష్తూ.

"ఏ మాట? వాడు ఏ మాట గురించి అంటున్నాడు?"

ఆ బండ గొంతు రేడియోకి దగ్గరవుతుంది.

"నిన్నే! మేం చెప్పమన్న మాటలు కాకుండా... ఏం చెప్పావు వాడికి?"

దబ్! ఎవరినో దేంతోనో కొట్టిన చప్పుడు. ఒక మూలుగు. ఆ మూలుగు కూడా తోర్యాలైకి తెలిసిందే.

తోర్యాలై చేతిలో రేడియో చల్లగా ఉంది.

అప్పుడు జియార్మల్ గొంతు. ముక్కుతో కాదు, యాస లేదు. చెయ్యి పట్టుకుని నేర్పినప్పటి గొంతు. అలసిపోయిన గొంతు.

"తోర్యాలై... గాడిదా..."

చిన్న నవ్వు.

"ఇన్నేళ్ళలో నేను ఇంగ్లీషులో ఎప్పుడైనా తప్పు మాట్లాడానా?"

ఢాం!