బూడిద దొర మాటలు ఎవరివి

ఒసాకాలో ఆ ఆగస్టు ఎండ ఎలాంటిదంటే, ఎగిరితే రెక్కలు అంటుకుంటాయని కాకులు కూడా నీడ చూసుకుని నడిచిపోయేవి. పోయినవాళ్ళు ఇళ్ళకొచ్చే ఓబోన్ పండగ రోజులు. ఊళ్ళో సగం జనం రైళ్ళెక్కి సొంతూళ్ళకి పోయారు. మిగతా సగం అగరొత్తులు వెలిగించి, వచ్చే పెద్దల కోసం గుమ్మాల్లో కూర్చున్నారు. వీడియో ఆటలు తయారుచేసే ఆ కంపెనీ నాలుగో అంతస్తులో మాత్రం నాగతాని యసువో ఒక్కడే కూర్చుని, చెమటతో ఓ చిన్న కాలవ పారిస్తున్నాడు.

ఇంటికి బయల్దేరిన పై అధికారి మియాజి తలుపు దగ్గర ఆగాడు. చంకలో అత్తగారికి కొన్న పుచ్చకాయ.

"ఏమయ్యా నాగతానీ, పండక్కి వెళ్ళవా? మీ నాన్న ఆత్మ వచ్చి, తాళం చూసి తిట్టుకుంటూ పోతుంది."

"బతికున్నప్పుడూ అంతేనండీ. ఆయనకి అలవాటే."

"సరే, పుస్తకంలో ఆ తొంభయ్యో పేజీ మటుకు ఎల్లుండి అచ్చుకెళ్ళాలి. దొర మాటలు రాసింది నువ్వు. ఆ తిరకాసేంటో నువ్వే చెప్పాలి. నేను చెబితే పిల్లలు రాళ్ళేస్తారు."

మియాజి పుచ్చకాయతో సహా దిగిపోయాడు. 'రాసింది నువ్వు' అన్న మాట మాత్రం చేపముల్లులా నాగతాని గొంతులో ఉండిపోయింది.

పన్నెండేళ్ళ కిందట వచ్చిన ఆటలో విలన్ ఈ బూడిద దొర. అతని పేరు చెబితే అప్పట్లో జపాన్ దేశంలో అన్నం తినని పిల్లాడు లేడు. అంత భయం, అంత ఇష్టం. కానీ దొరకి ఒక మాట మీద నిలకడ లేదు. మొదటి కోటలో "నాకు తల్లి లేదు" అంటాడు. మూడో కోటలో "అమ్మ అన్నం చల్లారబెట్టుకుని కూర్చుంది, తొందరగా చావు" అంటాడు. ఒకచోట కత్తి కుడిచేత, ఇంకోచోట ఎడమచేత. ఊళ్ళు తగలబెట్టేవాడు పిచ్చుక గూడు దగ్గర మాత్రం చుట్టు తిరిగి వెళ్తాడు. ఇదంతా ఏమిటని లక్ష ఉత్తరాలొచ్చాయి. వాటిని తూకానికి అమ్మితే ఇంకో కంపెనీ పెట్టొచ్చు. అందుకే ఆట మీద వేస్తున్న పుస్తకంలో తొంభయ్యో పేజీ దానికే వదిలారు.

తిరకాసేమీ లేదు. దొరని రాసింది ఇద్దరు.

రెండోది ఉరాబె చికాకో. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆటలో తప్పులు వెతకడానికి చేరింది. సాయంత్రం పని దిగాక నాగతాని బల్ల పక్కన ముక్కాలిపీట వేసుకుని, "గురువుగారూ, ఇక్కడ దొర ఇలా అంటే?" అని చీటీ జరిపేది. అతని మాటల్లో దొర అరిచేవాడు. ఆమె మాటల్లో నవ్వేవాడు. నవ్వినప్పుడే పిల్లలు పక్క తడిపారు.

ఆ రోజుల్లో ఆట చివర అసలు పేర్లు వేసేవారు కాదు. పక్క కంపెనీవాళ్ళు మనుషుల్ని ఎత్తుకుపోతారని భయం. అందరికీ మారుపేర్లే. నాగతానిది 'ముసలి తాబేలు'. చికాకో తనకి 'చలికాలపు పిచ్చుక' అని పెట్టుకుంది. చివరి వారంలో, ఆట ఎక్కించే బిళ్ళలో జాగా నిండిపోయింది. అక్షరం పెడితే అక్షరం తియ్యాలి. "ఒక పేరుకి చోటు చాలట్లేదమ్మా," అన్నాడు నాగతాని. "ఫర్లేదు గురువుగారూ," అంది పిల్ల. చోటు చేద్దామంటే చెయ్యొచ్చు. తను రాసిన దొర మాట ఒక్కటి కొట్టేస్తే చాలు. కొట్టెయ్యలేదు.

మరుసటేడే ఊపిరితిత్తుల జబ్బుతో పిల్ల పోయింది. అంత్యక్రియల్లో తల్లి ఫుమి అతని చెయ్యి పట్టుకుంది. "మా అమ్మాయి పేరు ఏ వరసలో వస్తుంది బాబూ? చుట్టాలకి చూపిస్తాను." అతను నేల చూసి అన్నాడు, "చోటు చాల్లేదమ్మా." ఆవిడ ఏటా కొత్త సంవత్సరానికి చేత్తో కార్డు రాసి పంపేది. అతను ఏటా అచ్చు కార్డు తిప్పి పంపేవాడు.

ఆ మధ్యాహ్నం నాగతాని తెర ఉన్న టైపు యంత్రం ముందు కూర్చుని చక్కటి అబద్ధం కొట్టాడు. 'దొర ఒక్కడు కాదు, కవలలు.' సరిపోతుందో లేదో చూద్దామని పాత ఆట పెట్టాడు.

సెలవని చల్లగాలి యంత్రం కట్టేశారు. గదిలో కాలిన దుమ్ము వాసన. కింద వీధిలోంచి అగరొత్తుల పొగ. బయట చెట్ల మీద ఇలకోడి పురుగులు చెవులు పగిలేలా అరుస్తున్నాయి. ఎరుపు పెన్సిల్‌తో తనవి, నీలంతో ఆమెవి, దొర మాటలు ఒక్కొక్కటే గుర్తు పెట్టుకుంటూ పోయాడు.

నాలుగో కోటలో దొర వెనక్కి తిరిగి అన్నాడు. "ఆ పిల్ల దగ్గుతోంది. ఇంకెన్నాళ్ళులే."

ఉత్తరాలన్నిట్లో ఎక్కువగా అడిగేది ఇదే. కథలో దగ్గే పిల్లే లేదు. నాగతాని ఎప్పుడూ అనుకునేవాడు, పాపం చికాకో తన జబ్బు గురించే రాసుకుందని. నీలం పెన్సిల్ ఎత్తాడు. ఆగాడు. ఆట తయారీ ఏప్రిల్‌లో ముగిసింది. పిల్ల దగ్గడం మొదలుపెట్టింది ఆ తర్వాతి శీతాకాలంలో.

ఇలకోళ్ళు ఆగిపోయాయి. అన్నీ ఒక్కసారే.

పొద్దు వాలి గది పసుపుపచ్చగా అయింది. ఐదో కోటకి వెళ్ళాడు. దొర కత్తి ఎత్తలేదు. ఎడమచెయ్యి కిందకి వేలాడేసి నిలబడ్డాడు. తెర మీద మాటల పెట్టె తెరుచుకుంది.

"నువ్వు ఆమె పేరు చెప్పవు. నాకు తెలుసు..."

ఈ మాట పన్నెండేళ్ళుగా ఆటలోనే ఉంది. పిల్లలంతా ఎవరో రాజకుమారి అనుకున్నారు. నాగతాని మటుకు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. చెవుల దాకా మండింది సిగ్గు.

"చెప్తానమ్మా," అని గొణిగాడు. "ఇవాళే చెప్తాను."

కవలల్ని చెరిపేశాడు. 'దొరని రాసింది నాగతాని యసువో, ఉరాబె చికాకో' అని కొట్టాడు. ధైర్యం చల్లారకముందే ఫోన్ తీసి చికాకో తల్లికి చేశాడు.

"అమ్మా... ఒసాకా నుంచి నాగతానిని."

"గురువుగారా. పొద్దున్నే దీపం పెట్టి అమ్మాయిని పిలిచాను. మీరూ ఇవాళే పలికారు."

చెప్పాడు. చోటు ఉందనీ, తనే ఇవ్వలేదనీ, ఇన్నాళ్ళూ పొగడ్తలు మింగాననీ.

"ఒక్క పేరుకి ఇన్నేళ్ళు పట్టిందా నాయనా," అంది ఫుమి. కోపంగా కూడా అనలేదు. అతనికి నేల చీలితే బావుండుననిపించింది.

"పుస్తకంలో ఆమెవి ఏవో గుర్తు పెడతానమ్మా. తన నోటు పుస్తకం ఉందా?"

"లేకేం, దీపం దగ్గరే పెట్టాను. ఉండండి, కళ్ళజోడు..." కాగితాలు తిరిగిన చప్పుడు. "పిచ్చుక గూడు నాది అని రాసుకుంది. అమ్మ అన్నం నాది అంది. నాదే ఆ అన్నం. ఆ తర్వాత ఇదిగో, ఏప్రిల్‌లో. 'దగ్గే పిల్ల మాట, పేరు చెప్పవన్న మాట, ఇంకో ఐదు. ఇవి నేను రాయలేదు. గురువుగారు రాసుంటారు. చదువుతుంటే వీపు మీద ఎవరో ఊపిరి వదిలినట్టుంది. అడగాలంటే సిగ్గు.' అవి మీవే కదండీ?"

అవి నాగతాని రాసినవీ కావు.

ఏడు మాటలు. ఒక పిల్ల పేరుకి చోటు లేని బిళ్ళలో... ఏడు మాటలకి చోటు ఎవరిచ్చారు?

"వింటున్నారా నాయనా?" అంది ఫుమి. "పనిలో ఉన్నట్టున్నారు. మీ పక్కన టైపు కొడుతున్న ఆయన్ని కాస్త ఆగమనండి. ఆ చప్పుడుకి మీ మాట సరిగ్గా వినబడట్లేదు."

గదిలో ఏ చప్పుడూ లేదు. నాగతాని మెల్లిగా తల తిప్పాడు.

యంత్రం తెర మీద రెండు పేర్లూ అలాగే ఉన్నాయి. చికాకో పేరు తర్వాత, అతను కొట్టని కామా ఒకటి. ఆ తర్వాత 'ఇంకా' అని ఉంది. దాని పక్కన పచ్చగీత, తర్వాతి అక్షరం కోసం, ఆరుతూ వెలుగుతోంది.