తిరిగి కొట్టని రాక్షసుడు

తుంగధార రాజ్యంలో పిల్లలు మాయమైపోతున్నారు. అడవిలో తప్పిపోయి కాదు, ఏటిలో కొట్టుకుపోయి కాదు, తమ ఇంటి అరుగు మీద కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే మాయమైపోతున్నారు. రాజు ధర్మకేతు కోట తలుపులు మూయించి వీధివీధినా భటులను నిలబెట్టాడు. దొంగ ఇంటింటా పిల్లల చేతుల్లోనే ఉన్నాడని పాపం ఆయనకు తెలియదు.

ఆ దొంగ సంగతి చెప్పాలంటే ముందు ముంగిస ముత్తన్న గురించి చెప్పాలి. మన ఇళ్లలో టీవీ ఉన్నట్టే ఆ రాజ్యంలో ప్రతి ఇంటి గోడకూ ఒక మాయాదర్పణం ఉండేది. చిత్రసిద్ధుడనే ముని అడవిలో కూర్చుని బొమ్మలు గీస్తే, దీపాలు పెట్టే వేళకు అవి అద్దాల్లో కదిలి ఆడేవి. వాటిలో ముత్తన్న కథంటే పిల్లలకు ప్రాణం. బానపొట్ట రాక్షసుణ్ణి ముత్తన్న మాటలతోనే ముప్పుతిప్పలు పెట్టేవాడు. ఒక్కనాడూ ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. పొయ్యి మీద కూర మాడుతున్నా పెద్దవాళ్లు కూడా నోరెళ్లబెట్టి చూసేవారు.

అలాంటి రోజుల్లో ధూమ్రకేశుడనే మాంత్రికుడు సంచులనిండా నల్లని పలకలు తెచ్చాడు. "చూసింది చాలు. ఇక మీరే ముత్తన్న అవండి" అంటూ పిల్లలకు ఊరికే పంచాడు. వేలు కదిపితే పలకలో ముత్తన్న దూకేవాడు, రాక్షసుణ్ణి కత్తితో కొట్టేవాడు. అవును, ఈ ముత్తన్న చేతిలో కత్తి ఉంది. మీరు వీడియో గేమ్ అంటారే, అచ్చం అదే. పిల్లల గోల అణిగిపోయింది. పెద్దలు హాయిగా ఊపిరి పీల్చుకుని మాంత్రికుడికి శాలువా కప్పారు. ఇలాంటి పెద్దలను తలుచుకుంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఒక్క ఊరే ఉన్న ఆ చిన్న రాజ్యంలో బుట్టలు అల్లే వీరమ్మకు చెంగల్వ అనే కూతురు, తిప్పడు అనే కొడుకు ఉన్నారు. అక్క అల్లుతుంటే తిప్పడు వెదురు బద్దలు పట్టి లాగేవాడు, ప్రశ్నలడిగి ప్రాణం తీసేవాడు. ఒకరోజు చెంగల్వకు విసుగెత్తింది. "ఇదిగో, దీంతో ఆడుకో. నా జోలికి రాకు" అని పలక తనే వాడి చేతిలో పెట్టింది. బుట్టకు అంచు కట్టి తలెత్తేసరికి అరుగు మీద పలక ఒక్కటే ఉంది.

"తమ్ముడేడే?" అంది వీరమ్మ లోపలినుంచి వస్తూ.

"విసిగిస్తున్నాడని నేనే ఇచ్చానమ్మా. నేనే ఇచ్చాను" అంటూ చెంగల్వ బావురుమంది.

తల్లి అరుగు మీద కూలబడి, ఆ పలకను ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది చెంగల్వకు. బొమ్మలు గీసిన మునికి ఈ మాయ గుట్టు తెలిసే ఉంటుందని, వెదురు కొట్టే కత్తి పట్టుకుని, నడుముకు ఒక వెదురు బద్ద చుట్టుకుని అడవిదారి పట్టింది.

దారిలో ముళ్లపొదలు అడ్డం వస్తే కత్తితో నరికింది. వాగు పొంగితే బొంగులు కట్టి తెప్ప చేసి దాటింది. అవతలి ఒడ్డున దూడంత ముంగిస ఒకటి మూతి ముడుచుకుని కూర్చుని ఉంది.

"నువ్వు ముత్తన్నవి కదూ!"

"ఒకప్పుడు. ఇప్పుడు ఎవరు పడితే వాళ్లు ముత్తన్నలే. నా కథలోంచి నన్నే గెంటేశాడమ్మా ఆ పొగజుట్టువాడు. నా చేతికి కత్తి ఇచ్చాడట! చిన్నప్పుడు పండు కోయబోయి వేలు కోసుకున్నవాణ్ణి, నాకు కత్తా?"

అంత దుఃఖంలోనూ చెంగల్వకు నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గేసింది. ముత్తన్న ఆమెను వీపు మీద ఎక్కించుకుని చిత్రసిద్ధుడి దగ్గరకు తీసుకుపోయాడు. ముని చుట్టూ రంగులు ఎండిపోయి ఉన్నాయి.

"నా బొమ్మలు వాడు ఎత్తుకుపోయాడు తల్లీ. మీ తమ్ముడు వాడి గుహలోనే ఉన్నాడు. లోపల నల్లని మడుగు ఉంటుంది, దానికి అవతల ఆట. నా కుంచె అక్కడ పని చేయదు. ఈ దుఃఖం నన్ను తినేస్తోంది" అన్నాడు ముని.

ముత్తన్న ఆమెను గుహ దాకా తెచ్చి దింపాడు. గుహవాకిట్లో ధూమ్రకేశుడు తీరిగ్గా తల దువ్వుకుంటున్నాడు. దువ్వినకొద్దీ జుట్టులోంచి పొగ లేస్తోంది.

"మా తమ్ముణ్ణి ఎత్తుకొచ్చావు!"

"నేనా? చేతికి ఎవరిచ్చారో వాళ్లనే అడుగు" అని నవ్వాడు మాంత్రికుడు. చెంగల్వ తల దించుకుంది. "విను పిల్లా. ఆటలో ఓడినవాళ్లు లోపలికొచ్చి రాక్షసుడి తోలు తొడుక్కుంటారు. మిగతా పిల్లలు వాళ్లను కొడుతుంటారు. ఇంకొకరు అడిగి తీసుకుంటే తప్ప ఆ తోలు ఊడదు. అడిగి మరీ దెబ్బలు తినేవాళ్లు ఎవరుంటారు?"

"ఎవరూ ఆడకపోతే?"

"ఒక్క క్షణం అందరూ మానేస్తే నా మాయ పొగైపోతుంది. అలాంటి క్షణం రాదులే. ఇష్టమైతే వెళ్లు."

చెంగల్వ కళ్లు మూసుకుని మడుగులో దూకింది. అవతల పెద్ద మైదానం. అంతటా బానపొట్ట రాక్షసులే, అందరిదీ ఒకే ముఖం. కత్తులు పట్టిన ముంగిసలు వాళ్లను కొడుతున్నాయి. రాక్షసులు పడుతున్నారు, లేస్తున్నారు, తిరిగి కొడుతున్నారు, "మింగేస్తా! మింగేస్తా!" అని అరుస్తున్నారు. ఆ మాట తప్ప వాళ్లకు వేరే మాట రాదు.

"తిప్పా!" అని గట్టిగా పిలిచింది చెంగల్వ.

మైదానంలో ఉన్న రాక్షసులందరూ ఒక్కసారిగా ఆమెవైపు తిరిగారు. తమ కోసం ఎవరో వచ్చారని అందరికీ ఆశ. వాళ్లలో ఏ ఒక్కరినీ చూడలేక ఆమె గుండె చెరువైంది. ఇంతలో ఒక రాక్షసుడు కుంటుకుంటూ వచ్చి ఆమె నడుముకున్న వెదురు బద్ద కొస పట్టి లాగాడు.

"మింగేస్తా" అన్నాడు మెల్లగా, కళ్లనిండా నీళ్లతో.

"తెలుసురా నాన్నా, తెలుసు. ఆ తోలు నాకియ్యి."

తోలు జారిపోయి తిప్పడు బయటపడ్డాడు. ఒంటినిండా దెబ్బలకు తేలిన కదుములు. "వద్దే అక్కా, చాలా నొప్పేస్తుందే" అని ఏడ్చాడు.

"నువ్వు పో. ఊళ్లో అందరి చేతా పలకలు కింద పెట్టించు. నేను మాత్రం ఎవరినీ కొట్టను. కొడితే పలక పట్టిన ఆ బిడ్డ కూడా ఓడి ఇక్కడికే వస్తుంది" అంటూ చెంగల్వ తోలు తొడుక్కుంది. మొదటి దెబ్బ అప్పుడే వీపున పడింది.

గుహ బయట కాచుకుని ఉన్న ముత్తన్న, మడుగు దాటి వచ్చిన తిప్పణ్ణి వీపు మీద వేసుకుని గాలిలా ఊరికి పరిగెత్తాడు. తిప్పడు ఇంటింటికీ వెళ్లి, "మీరు కొట్టేది మా అక్కనే కావచ్చు, మీ అన్ననే కావచ్చు!" అని గొంతు పోయేలా చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు కసిరారు. కానీ వాడి వీపు మీద కదుములు చూశాక ఒక్కొక్కరే పలక కింద పెట్టారు. చివరికి మిగిలింది యువరాజు కీర్తిసేనుడు ఒక్కడే.

"జరగవోయ్! ఇవాళ నాకు తిరుగులేదు. పొద్దుటినుంచి ఒక్కసారి కూడా ఓడలేదు" అన్నాడు యువరాజు తలెత్తకుండా.

తిప్పడు పక్కన చతికిలబడి పలకలోకి చూశాడు. "యువరాజా, ఆ రాక్షసుడు నిన్ను తిరిగి కొట్టాడా?"

కీర్తిసేనుడి వేలు ఆగింది. పలకలో రాక్షసుడు చేతులు రెండూ కిందికి వదిలి నిలబడి ఉన్నాడు. పొద్దుటినుంచీ అలాగే ఉన్నాడు. తన శూరత్వమనుకున్నది ఏమిటో తెలిసేసరికి యువరాజు ముఖం పాలిపోయింది. పలకను నేలమీద బోర్లించాడు.

ఆ క్షణంలో గుహ కుప్పకూలింది. ధూమ్రకేశుడు దువ్వెనతో సహా పొగై చెదిరిపోయాడు. ఇళ్ల అరుగులన్నీ పిల్లలతో నిండిపోయాయి. వీరమ్మ ఇద్దరు బిడ్డలనూ చెరో పక్కన పొదువుకుని, ఇన్నాళ్లు ఆపుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది.

రాజు పల్లకీ పంపాడు, సభలో చెంగల్వను పక్కన కూర్చోబెట్టుకున్నాడు, కావలసింది కోరుకోమన్నాడు. ఆమెకు ఒళ్లు నొప్పుల్లో ఏ కోరికా తోచలేదు, ఇంటికి వచ్చేసింది. మర్నాడు కీర్తిసేనుడు భటులెవరూ లేకుండా ఒంటరిగా వాళ్ల అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఇందులో నేను కొట్టినవి ఏవి?" అని అడిగాడు ఆమె చేతుల మీది కదుములు చూస్తూ.

చెంగల్వ చేతులకేసి చూసుకుంది. "ఏమో యువరాజా. అందరివీ ఒకేలా ఉన్నాయి."

యువరాజు అక్కడే కూర్చుని ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. అతడి ఏడుపు తీరాక కొంచెం జరిగి తన పక్కన చోటిచ్చింది.